పుణ్యమూ పురుషార్థమూ ఒకే షేరులో దొరుకుతాయా?

ఈ మధ్య మ్యూచువల్ ఫండ్ల కరపత్రాల మీద గాలిమరలు, మొక్క నాటుతున్న పసిచేతులు ఎక్కువయ్యాయి. లోపల రాసేది మాత్రం ఒకటే: మీరు ఎప్పటిలాగే మదుపు చేయండి, రాబడి తగ్గదు, పైగా పేదలకూ పర్యావరణానికీ మేలు జరుగుతుంది. దీన్ని ఒకరు ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) అంటారు, ఇంకొకరు ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అంటారు, మరొకరు బాధ్యతాయుతమైన పెట్టుబడి అంటారు. ఈ పేర్ల మధ్య తేడాలున్నాయి, వాటి మీద నిపుణులు గంటలకొద్దీ వాదించుకుంటారు కూడా. మదుపరి చెవిన పడేసరికి అన్నీ కలిసి ఒకే భరోసా అయి కూర్చుంటాయి. పుణ్యమూ దక్కుతుంది, పురుషార్థమూ దక్కుతుంది, ఏమీ వదులుకోనక్కర్లేదు.

చదువుకున్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు దీన్నే నమ్ముతున్నారు. నేను ఒప్పుకోను. మార్కెట్ తనంతట తాను చేయని మేలు చేయాలంటే ఎవరో ఒకరు కొంత వదులుకోక తప్పదు. అది కొంత రాబడి కావచ్చు, కొంత కాలం కావచ్చు, కొంత భద్రత కావచ్చు. పెట్టుబడి పెట్టినవాడు వదులుకోకపోతే ప్రభుత్వం మీద పడుతుంది. అదీ ముందుకు రాకపోతే అప్పు తీసుకున్న ఆడమనిషి నెత్తిన పడుతుంది. రుజువు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది గుర్తు చేసుకుంటే చాలు.

అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1990ల చివర స్వయం కృషి సంఘం అనే స్వచ్ఛంద సంస్థ పేద మహిళలకు చిన్న అప్పులివ్వడం మొదలుపెట్టింది. దాని స్థాపకుడు విక్రమ్ ఆకుల అమెరికాలో పెరిగిన తెలుగువాడు. విరాళాలతో వేలమందికి అప్పివ్వగలం, కోట్లమందికి ఇవ్వాలంటే షేరు మార్కెట్ డబ్బు కావాలి, ఆ డబ్బు రావాలంటే లాభం చూపించాలి అన్నది ఆయన వాదన. వినడానికి బాగానే ఉంది. 2005లో వ్యాపారం కంపెనీ చేతికి వెళ్ళింది, ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ అయింది. సెకోయా క్యాపిటల్, వినోద్ ఖోస్లా లాంటి పెద్ద పెట్టుబడిదారులు వచ్చారు. 2010 నాటికి దేశమంతటా 60 లక్షల మందికి పైగా మహిళలు అందులో సభ్యులు. ఆ ఏడాది పబ్లిక్ ఇష్యూకి వెళితే షేరు ధర 985 రూపాయలు పలికింది. ఇష్యూ మొత్తం సుమారు 1,650 కోట్లు. పదమూడు రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆగస్టు 16న లిస్టింగ్ జరిగింది, సెప్టెంబరు చివరికి షేరు 1,400 దాటింది. పేదరికాన్ని తగ్గిస్తూ డబ్బు చేసుకోవచ్చని ప్రపంచానికి చూపించామని మెచ్చుకోలు మోగిపోయింది.

ఆ ఇష్యూలో ఒక చిన్న సంగతి చాలామంది గమనించలేదు. అమ్మిన షేర్లలో సగానికి పైగా అప్పటికే కంపెనీలో ఉన్నవాళ్ళ వాటాలు. అంటే పేదల కోసమని జనం కట్టిన ప్రతి వంద రూపాయల్లో సగం పైచిలుకు పాత పెట్టుబడిదారుల జేబుల్లోకి పోయింది. అప్పులివ్వడానికి కంపెనీకి చేరింది మిగతాదే. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, ప్రాస్పెక్టస్‌లో అన్నీ రాసే ఉంటాయి. అక్కడ పుణ్యం ఎంతో, బేరం ఎంతో మాత్రం చూడదలచుకున్నవాడికి కనబడేది.

ఇప్పుడు అప్పు తీసుకున్న మనిషి వైపు నుంచి చూద్దాం. ఉదాహరణకు పదివేల అప్పు, వారానికి 225 చొప్పున 50 వారాల కిస్తు అనుకోండి. కట్టేది మొత్తం 11,250. వడ్డీ పన్నెండున్నర శాతమే కదమ్మా అంటాడు కంపెనీ కుర్రాడు. కానీ మొదటి వారం నుంచే అసలు కొంచెం కొంచెంగా వెనక్కి పోతోంది. ఏడాది పొడవునా సగటున ఆమె చేతిలో ఉన్న అప్పు అయిదు వేల చిల్లరే. దాని మీద 1,250 అంటే ఏడాదికి 25 శాతం దాటినట్టు. మన ఊళ్ళ లెక్కలో నూటికి నెలకు రెండు రూపాయల పై వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు దీనికి అదనం. ఊళ్ళో వడ్డీ వ్యాపారి మూడు రూపాయలు, అయిదు రూపాయలు గుంజుతాడు కాబట్టి ఇది నయమే అనేవారు. వడ్డీ వరకే చూస్తే నయమే. కాకపోతే వడ్డీ వ్యాపారి కిస్తు తప్పితే నాలుగు తిట్లు తిట్టి వారం ఆగుతాడు. ఇక్కడ ఆగడమన్నది లేదు. తెల్లవారగానే సెంటర్ మీటింగు, అందరూ వరసగా కింద కూర్చోవాలి, ఒకరి కిస్తు తక్కువైతే గ్రూపులో మిగతావాళ్ళు వేసుకోవాలి, లెక్క తేలేదాకా ఎవరూ లేవకూడదు. కూలికి పోవాల్సిన మనుషులు. ఆలస్యమైన కొద్దీ ఆ ఒక్కరి మీద మిగతావాళ్ళ కోపం పెరుగుతుంది. కంపెనీ వేరే వసూలు మనిషిని పెట్టుకోనక్కర్లేదు, పక్కింటామెతోనే ఆ పని అయిపోతుంది.

షేరు 985 పలకాలన్నా, 1,400 దాటాలన్నా ఏడాదికేడాది అప్పులు రెట్టింపు కావాలి, మూడింతలు కావాలి. ఆ పెరుగుదల కొత్త ఊళ్ళలో రావడం కష్టం, అలవాటైన ఊళ్ళలో తేలిక. అందుకే ఒకే ఇంట్లో మూడు నాలుగు కంపెనీల పాసుపుస్తకాలు చేరాయి. ఒకరి కిస్తు కట్టడానికి ఇంకొకరి అప్పు. ఎవరూ హెచ్చరించలేదని అనడానికి లేదు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలు సుమారు 50 మూయించారు. ఆ తర్వాతే వ్యాపారం మరింత జోరందుకుంది, ఎందుకంటే మేలు చేసే పెట్టుబడి అని పేరు పడ్డ డబ్బు లోపలికి వచ్చి పడుతూనే ఉంది.

2010లో వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు చేసుకున్నారన్న వార్తలు వరసగా వచ్చాయి. అక్టోబరు మధ్యలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు జిల్లాలో నమోదు చేసుకోవాలి, వారం వారం వసూళ్ళు కుదరవు, ఇళ్ళ మీదకు పోకూడదు. అంతే, వసూళ్ళు పదోవంతుకు పడిపోయాయి. రాష్ట్రంలో దాదాపు 7 వేల కోట్ల అప్పులు ఇరుక్కుపోయాయి. 2011 చివరికి ఎస్‌కేఎస్ షేరు 200 లోపు. ప్రభుత్వం కూడా ఇందులో పూర్తిగా పాలతో కడిగినదేమీ కాదు. తను నడిపే పొదుపు సంఘాలకు ఈ కంపెనీలు పోటీ అన్న దుగ్ధ దానికీ ఉంది. కట్టగలిగినవాళ్ళు కూడా కట్టడం మానేశారు. కానీ వసూళ్ళు అలా ఒక్క దెబ్బకు కుప్పకూలే వ్యాపారానికి అంత ధర కట్టినవాళ్ళు ఏం చూసి కట్టారు? ఊళ్ళోకి వెళ్ళి ఒక్క సెంటర్ మీటింగులో కూర్చున్నా తెలిసేది.

అది ఒక కంపెనీ దురాశ, ఆలోచన తప్పు కాదంటారు కొందరు. మెక్సికోలో కంపార్తమోస్ కథ చూడండి. అది కూడా స్వచ్ఛంద సంస్థగానే పుట్టింది, అంతర్జాతీయ దాతల డబ్బుతో పెరిగింది, 2007లో షేరు మార్కెట్‌కు వెళ్ళి పెట్టుబడిదారులకు కుండపోతగా లాభాలు కురిపించింది. అప్పులు తీసుకున్న మహిళలు కట్టిన వడ్డీ ఏడాదికి 80 శాతం పైన. గ్రామీణ బ్యాంకు పెట్టిన ముహమ్మద్ యూనస్ దాన్ని గట్టిగా ఖండించారు. 2010లో ఎస్‌కేఎస్ పబ్లిక్ ఇష్యూ మీద విక్రమ్ ఆకులతో బహిరంగంగానే వాదించారు. యూనస్ చెప్పే సామాజిక వ్యాపారంలో పెట్టుబడి పెట్టినవాడికి అసలు తిరిగి వస్తుంది, లాభంలో వాటా మాత్రం రాదు. యూనస్‌తో విభేదించడానికి కారణాలు ఎన్నో ఉండొచ్చు. ఈ ఒక్క విషయంలో ఆయన లెక్క తేటగా ఉంది: ఎవరు ఏం వదులుకుంటున్నారో ముందే చెప్పేశాడు.

సరే, వడ్డీ ఎక్కువైనా మేలు జరిగింది కదా అన్నది తర్వాతి వాదన. హైదరాబాద్ బస్తీల్లోనే దీన్ని కొలిచి చూశారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వాళ్ళ సహచరులు 104 బస్తీలు తీసుకుని, వాటిలో సగం బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ముందుగా అప్పులు మొదలుపెట్టేలా ఏర్పాటు చేసి, రెండు రకాల బస్తీలనూ పోల్చారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు కొంచెం పెంచుకున్నారు, కొందరు టీవీలు, కుట్టుమిషన్లు లాంటివి కొనుక్కున్నారు. ఇంటి ఖర్చు పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. అప్పు వల్ల ఉపయోగం లేదని దీనర్థం కాదు. అప్పు అప్పులాగే పని చేసింది, అంతకు మించి ఏమీ చేయలేదు. ఆ బెనర్జీ, డఫ్లోలకే 2019లో నోబెల్ వచ్చింది. పేదరికాన్ని తరిమేస్తున్నామని షేర్లు అమ్మినవాళ్ళు ఈ ఫలితాన్ని ఏ కరపత్రం మీదా అచ్చు వేయలేదు.

లాభం లేకపోతే ఏదీ పెద్దది కాదన్న మాట ఇంకా మొండిది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడంతో ఆ జిల్లాలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. అదే కాలంలో, 1992లో, నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం చేసింది. ఇప్పుడు దేశంలో అలాంటి సంఘాలు కోటికి పైనే. ఎక్కడా పబ్లిక్ ఇష్యూ లేదు, సెకోయా లేదు. మరి ఎవరు వదులుకున్నారు? సంఘం పుస్తకాలు రాయించడానికి, మనుషులకు తర్ఫీదు ఇవ్వడానికి సర్కారు డబ్బు ఖర్చయింది. పావలా వడ్డీ పథకం వచ్చినప్పుడు, ఏడాదికి మూడు శాతం దాటిన వడ్డీని ఖజానా నుంచి తిరిగి కట్టారు. అంటే నేనూ మీరూ కట్టాం. అది మంచి ఖర్చా, ఓట్ల ఖర్చా అన్నది ఎవరైనా వాదించుకోవచ్చు, ఎందుకంటే ఆ పద్దు బడ్జెట్‌లో ఉంది.

ఇక షేర్ల సంగతి. ఈఎస్‌జీ ఫండులో వెయ్యి రూపాయలు వేస్తే మంచి కంపెనీకి వెయ్యి రూపాయల బలం చేరిందని చాలామంది అనుకుంటారు. చేరదు. మీరు కొన్న షేరు ఇంకొకరు అమ్మింది, డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది, కంపెనీకి కాణీ కూడా దక్కదు. బొగ్గు కంపెనీ షేరు అమ్మేసి చేతులు కడుక్కున్నా అంతే, దాన్ని ఇంకొకరు కొన్నారు, బొగ్గు తవ్వుతూనే ఉన్నారు. చాలామంది, చాలాకాలం, ఒక్కసారిగా మొహం తిప్పుకుంటే కంపెనీకి కొత్త డబ్బు ఖరీదైపోతుందన్నది నిజమే. కానీ రాబడి తగ్గదన్న షరతు మీద వచ్చిన మదుపరి అంతదూరం మొహం తిప్పుకునే రకం కాదు. ధర పడితే మొదట కొనేది ఆయనే.

రేటింగుల్లోకి వెళితే వినోదం ఇంకా ఎక్కువ. సిగరెట్ల వ్యాపారంలో దేశంలోనే పెద్దదైన ఐటీసీకి ఎంఎస్‌సీఐ అనే రేటింగు సంస్థ ఇచ్చిన ఈఎస్‌జీ రేటింగు ఏళ్ళ తరబడి డబుల్ ఏ. గుంటూరు, చీరాల, ప్రకాశం జిల్లా పొగాకు రైతులకు ఈ కంపెనీ ఏంటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఆకు కాల్చే బ్యారన్లకు ఎన్ని చెట్లు కావాలో, మద్దతు ధర కోసం వేలం కేంద్రాల దగ్గర ఎన్నిసార్లు గొడవలు జరిగాయో వాళ్ళకు తెలుసు. నీళ్ళ పొదుపులో, చెట్ల పెంపకంలో ఆ కంపెనీ చేసిన పని అబద్ధమని నేను అనడం లేదు. రేటింగు కొలిచేది వేరు. సమాజం నుంచి, పర్యావరణం నుంచి కంపెనీ లాభాలకు ఎంత ముప్పు ఉంది, తోటి కంపెనీలతో పోలిస్తే దాన్ని ఎంత బాగా కాచుకుంటోంది అన్నదే దాని కొలత. కంపెనీ వల్ల ఊపిరితిత్తులకు ఎంత ముప్పు ఉందన్నది ఆ పట్టికలో ముఖ్యమైన గడి కాదు. కొన్ని ఫండ్లు పొగాకును, సారాయిని అసలే ముట్టుకోవు, ఆ మాత్రం మర్యాద ఉంది. అలా వదిలేశాక మిగిలే జాబితాలో తరచూ కనిపించేవి అవే పెద్ద బ్యాంకులు, అవే సాఫ్ట్‌వేర్ కంపెనీలు. మామూలు ఫండులో ఉండేవీ అవే.

పాలన బాగుంటే మిగతావన్నీ బాగుంటాయనేవాళ్ళకు సత్యం పేరు ఒక్కటి చాలు. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ అవార్డు దక్కింది. 2009 జనవరి 7న ఖాతాల్లో ఉన్నట్టు చూపిన 5,040 కోట్లు అసలు లేవని ఛైర్మన్ లేఖ రాశారు. ఆ ఛైర్మన్ కుటుంబం చొరవతోనే 108 అంబులెన్సులు మొదలయ్యాయి, అవి ఎన్ని ప్రాణాలు కాపాడాయో లెక్క లేదు. ఆ మేలు నిజం, ఈ మోసం నిజం. అవార్డు ఇచ్చినవాళ్ళు మొదటిదాన్ని చూసి రెండోదాన్ని ఊహించుకోవడం మానేశారు.

షేరుదారుగా లోపల ఉండి కంపెనీని మార్చవచ్చు కదా అన్నది ఈ వర్గం వాదనల్లో కాస్త పస ఉన్నది. అమెరికాలో ఇంజిన్ నంబర్ వన్ అనే చిన్న ఫండ్, ఎక్సాన్ మొబిల్‌లో నామమాత్రపు వాటాతో 2021లో ముగ్గురు డైరెక్టర్లను గెలిపించుకుంది. పర్యావరణవాదులు పండగ చేసుకున్నారు. 2023లో అదే ఎక్సాన్ దాదాపు 6,000 కోట్ల డాలర్లకు పయొనీర్ అనే చమురు కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. చమురులో లాభం ఉన్నంతకాలం లాభం కోసం వచ్చిన షేరుదారులు దానికి అడ్డుపడరు.

సౌరవిద్యుత్తు నా వాదనకు అడ్డం తిరుగుతుందని తెలుసు. కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, లాభమూ వచ్చింది, బొగ్గు పొగా తగ్గింది. ఒప్పుకుంటాను. అక్కడ పుణ్యమూ పురుషార్థమూ కలిశాయి. అలా కలవడానికి పలకల ధరలు పడిపోవడం ఒక కారణం, పాతికేళ్ళు కరెంటు కొంటామని ప్రభుత్వ సంస్థలు రాసిచ్చిన ఒప్పందాలు ఇంకో కారణం. ఆ రెండూ ఉన్నాక అక్కడికి మామూలు డబ్బే పరిగెత్తుకొస్తుంది, మనస్సాక్షి ఉన్న డబ్బు ప్రత్యేకంగా అక్కర్లేదు. లాభం ఉన్నచోటికి వెళ్ళి, నా వల్లే మేలు జరిగిందనడం, పారుతున్న కాలవకు గట్టు మీద నిలబడి నేనే పారిస్తున్నాననడం లాంటిది. మంచి డబ్బుకు నిజంగా పని ఉన్నది లాభం రానిచోట, ఆలస్యంగా వచ్చేచోట, రాకపోవచ్చుననే భయం ఉన్నచోట.

అలాంటి చోటికి ఎంతమంది వస్తారు? 2023 జనవరిలో భారత ప్రభుత్వం తొలిసారి హరిత బాండ్లు అమ్మింది. మొదటి విడత 8,000 కోట్లు. పర్యావరణం కోసం కాబట్టి కొనేవాళ్ళు కాస్త తక్కువ వడ్డీకి ఒప్పుకున్నారని పత్రికలు మెచ్చుకున్నాయి. ఎంత తక్కువ? నూటికి అయిదు, ఆరు పైసలు. లక్ష రూపాయల మీద ఏడాదికి 50, 60 రూపాయలు. పర్యావరణ ప్రేమకు మార్కెట్ కట్టిన ధర అది. అదైనా తర్వాతి వేలాల్లో నిలకడగా దొరకలేదు.

పదవీ విరమణ డబ్బుతో త్యాగాలు చేయమంటారా అని ఎవరైనా అడిగితే, వద్దనే చెబుతాను. పిల్లల చదువుకు, ముసలితనానికి దాచుకున్నది పీఎఫ్‌లో ఉన్నా, సూచీ ఫండులో ఉన్నా తప్పేమీ లేదు. దానికి పచ్చరంగు పూసి ఎక్కువ ఛార్జీ కట్టొద్దన్నదే నా గొడవ. మేలు కోసం వేరే డబ్బు తీయండి, చిన్న మొత్తమైనా సరే, దానికి వేరే లెక్క పెట్టండి. ముల్కనూరు సహకార సంఘం 1956లో పుట్టింది. రైతుల పొదుపుతో రైతులకు అప్పులిస్తూ, విత్తనం నుంచి అమ్మకం దాకా చూసుకుంటూ ఇన్నేళ్ళు నిలబడింది. ఆ చుట్టుపక్కల మహిళలు స్వకృషి పేరుతో పాల డెయిరీ నడుపుకుంటున్నారు. అక్కడ మిగులు సభ్యులకే చేరుతుంది, బయటివాడికి మార్కెట్ రాబడి చూపించే పని వాళ్ళకు లేదు. సహకారం అంటేనే నమ్మేయమని కూడా అనను. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు మునిగినప్పుడు డిపాజిటర్లు పడ్డ బాధ చూశాం. సహకార బ్యాంకులో అయిదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది, పరస్పర సహాయ సంఘాల్లో పెట్టిన డబ్బుకు ఆ రక్షణ లేదు. లెక్కలు చూడాలి, సర్వసభ్య సమావేశాలు సక్రమంగా జరుగుతున్నాయా అడగాలి, ఆ తర్వాత కూడా కొంత భయం మిగులుతుంది. ఆ భయమే మీరు ఇస్తున్నది.

ఈ దేశంలో మదుపరికి ఆ సంగతి దాచకుండా చెప్పే సాధనం ఒకటి ఉంది. సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లాభాపేక్ష లేని సంస్థలు అమ్మే బాండ్లకు వడ్డీ సున్నా, అసలు కూడా వెనక్కి రాదు. డబ్బు ఏ పనికి వాడారో సంస్థ నివేదిక ఇవ్వాలి, అంతవరకే. 2023 డిసెంబరులో ప్రభుత్వ కళాశాలల యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే ఉన్నతి ఫౌండేషన్ ఇలాంటి బాండ్లతో మొట్టమొదటిసారి అక్కడ నమోదైంది. ఎస్‌కేఎస్‌తో దాన్ని పోల్చడం కొంత అన్యాయమే, రెండింటి పరిమాణమూ ఒకటి కాదు, ఆశయమూ ఒకటి కాదు. అయినా ఒకదానికి పదమూడు రెట్లు దరఖాస్తులు వచ్చి 1,650 కోట్లు కదిలిన దేశంలో రెండోది సేకరించింది 1.80 కోట్లు.